ముగ్గురు రాసిన ఒక్కడు

నేను ఒక రోలప్ బోర్డుని. గోడల్లోనే పుట్టి గోడల్లోనే ముసలివైపోయే నల్లబల్లలకు నేను దూరపు చుట్టాన్ని. రాజమండ్రిలో ఒక స్టేషనరీ కొట్టు వెనక గదిలో, మందపాటి గుడ్డకు పూత మీద పూతగా నల్లరంగు వేసి, ఎండబెట్టి, పైనొక కర్ర, కిందొక కర్ర కొట్టి నన్ను తయారుచేశారు. ఒకవైపు నున్నటి నలుపు. రెండోవైపు లెక్కల పాఠం కోసం తెల్లటి సన్నగీతలతో గళ్లు. బీయీడీ చదివేవాళ్లు టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లేటప్పుడు నన్ను చాపలా చుట్టి, చంకన పెట్టుకుని బస్సెక్కుతారు.

నన్ను మొదట కొనుక్కున్నది భౌతికశాస్త్రం కుర్రాడు. కటకాలూ, కిరణాలూ అందంగా గీసేవాడు. తాను రాసిన ఒక్క మాట మీదా అతనికి ప్రేమ ఉన్నట్టు నాకు తోచలేదు. పాఠానికి మార్కులు పడగానే తడిగుడ్డతో తుడిచేసేవాడు. చదువయ్యాక బ్యాంకు పరీక్షల వైపు వెళ్లిపోతూ, నన్ను జూనియర్ అయిన సువార్తకు ఇచ్చేశాడు.

సువార్త తల్లి అంగన్‌వాడీలో ఆయా. తండ్రి లేడు. ఆ పిల్ల గొంతు చిన్నది. భయమేస్తే చేతిలోని సుద్దముక్క రెండు ముక్కలయ్యేది. తణుకు దగ్గర కాలవ గట్టునున్న ఒక హైస్కూల్లో ఆమెకు తొమ్మిదో తరగతి అప్పగించారు. అక్కడి లెక్కల మాస్టారు గాదిరాజు గారు. పాఠం చెప్పడంలో దిట్ట, చెయ్యి చేసుకోవడంలోనూ వెనకాడని మనిషి. సువార్త పాఠాలకు రిపోర్టు రాయాల్సింది కూడా ఆయనే.

ప్రాక్టీసులో చివరి పాఠం సాంఖ్యక శాస్త్రం. పుస్తకంలో ఉన్న వర్షపాతం లెక్క చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ లెక్కలు పిల్లల జీవితంలోంచి రావాలని కాలేజీలో ఎవరో చెప్పిన మాటను సువార్త నిజంగా నమ్మింది. పిల్లలందరికీ చీటీలు పంచి, పేరు రాయవద్దని చెప్పి, ఒకే ప్రశ్న అడిగింది: మీ తోటి పిల్లల్లో మీరు చూస్తున్న సమస్య ఏమిటి?

చీటీలన్నీ వరండాలో కూర్చుని విడదీసింది. ఎక్కువమంది ఫోను అని రాశారు. తర్వాత పరీక్షల భయం, ఆ తర్వాత ప్రేమ గొడవలు, గుట్కా. ఎక్కడా ఇమడని చీటీలు కొన్ని మిగిలాయి. అలాంటివాటికి లెక్కల పుస్తకాలు ఎప్పుడో ఒక పేరు పెట్టి ఉంచాయి. సువార్త కూడా వాటిని కలిపి ఇతరాలు అంది.

నా గళ్ల వైపు అంతవరకూ ఎవరూ వాడలేదు. మర్నాడు పాఠంలో మొదటిసారి దాని మీద రంగుసుద్దలతో, ఒక్కో సమస్యకు ఒక్కటి చొప్పున దిమ్మెలు లేచాయి. ఫోను దిమ్మె ఎర్రగా, దాదాపు పైకర్ర దాకా. ఇతరాలు అనే దిమ్మె చివర్న, మోకాలెత్తు కూడా లేకుండా ఉంది.

పాఠం చూడటానికి హెడ్మాస్టరు గారు కూడా వచ్చి, గాదిరాజు గారి పక్కన వెనకబెంచీలో కూర్చున్నారు. ఎర్రదిమ్మె చూడగానే ఆయన ముఖం వికసించింది. మనుషుల్లో నేను చాలాసార్లు గమనించాను, కొత్త సంగతి తెలిసినప్పటి కంటే తాము ముందే అనుకున్నది గోడ మీద కనిపించినప్పుడే వాళ్లకు ఎక్కువ ఆనందం. రెండేళ్లుగా తాను మొత్తుకుంటున్నది ఇదేనని, తల్లిదండ్రుల్ని పిలిచి ఈ బోర్డే చూపిస్తానని ఆయన గాదిరాజు గారితో అన్నారు. తర్వాత చివరి దిమ్మె కేసి చూపించి అదేమిటని అడిగారు.

"ఇతరాలండి. విడివిడిగా తీసుకుంటే లెక్కలోకి రావండి. అందుకని కలిపేశాను" అంది సువార్త.

రెండో వరసలోంచి నూకరత్నం అనే పిల్ల లేచి నిలబడింది. మామూలుగా ప్రశ్న అడిగితేనే తల దించుకునే పిల్ల.

"నేను రాసింది అందులో పడిపోయినట్టుందండి, టీచరండీ."

ఏం రాసిందో చెప్పనక్కర్లేదని సువార్త నెమ్మదిగా అంది.

"చెప్పనండి. కానండీ, నేను రాసింది అందరి గురించీ కాదండి. ఒక్కడి గురించండి. దాన్ని తీసుకెళ్లి వేరేవాటితో కలిపేస్తే ఎలాగండి?"

సువార్త బల్ల మీదున్న చీటీల కట్ట విప్పి, ఇతరాలను బయటికి తీసి, పైకి చదవకుండా తనలో తాను చదువుకుంది. ఆమె నాకు వీపు పెట్టి చదువుతోంది కాబట్టి, భుజం మీదుగా ఆ చీటీలు నేనూ చూశాను. ఒకదాంట్లో, నవ్వడం మానేశాడు అని ఉంది. ఇంకోదాంట్లో, వెనకనించి పిలిస్తే పలకడం లేదు, పొగరెక్కాడు అని. మరోదాంట్లో, డిక్టేషన్ చెప్తుంటే పక్కోడిది చూసి రాస్తున్నాడు అని. మూడూ మూడు చేతిరాతలు.

ఆమె ఫోను చీటీలు కొన్ని తీసి చూసింది. చూస్తున్నారు, ఆడుతున్నారు, నిద్ర మానుకుంటున్నారు. పరీక్షల చీటీల్లో భయపడుతున్నారు, ఏడుస్తున్నారు. అన్నీ గుంపును చూసి రాసినవే. ఈ మూడింట్లోనే, మానేశాడు, పలకడం లేదు, రాస్తున్నాడు అని ఒక్క మనిషి ఉన్నాడు. ముందురోజు వాటిని మూడు వేరువేరు సమస్యలుగా లెక్కపెట్టి పక్కన పెట్టింది తానే. ఆమె చేతిలో సుద్ద విరిగింది.

ముగింపు రాయించమ్మా, గంట కొట్టేస్తారు అన్నారు హెడ్మాస్టరు గారు.

"దీనికి ముగింపు ఇప్పుడే రాయలేనండి."

"ఎదురుగా కనపడుతుంటే రాయలేకపోవడమేంటి?"

"ఎత్తుగా ఉన్నది ఎక్కువమంది కంటబడిందండి, అంతే. ఎక్కువ కష్టం అదేనని ఈ బొమ్మ చెప్పదండి."

ఆ చిన్నగొంతులోంచి అంత మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు, బహుశా ఆమె కూడా. ఆ చీటీలు ఇలా ఇవ్వు, చేతిరాత చూస్తే ఎవరు రాశారో తెలిసిపోతుంది అన్నారాయన. పేర్లు అడగనని పిల్లలకు మాటిచ్చానంటూ ఆమె చీటీల్ని సంచిలో పెట్టుకుంది. ఆయన లేచి వెళ్లిపోయారు. గాదిరాజు గారు రిపోర్టు కాగితం మీద కలం పెట్టారు గాని ఏమీ రాయలేదు.

సువార్త నడుచుకుంటూ తరగతి వెనక్కి వెళ్లింది. అక్కడ నిలబడి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, పుస్తకాలు తెరవమంది. పిల్లలందరూ తెరిచారు. నేను ఎదురుగోడకు వేలాడుతున్నాను కాబట్టి నాకు అన్ని ముఖాలూ కనిపిస్తాయి. మూడో వరస చివర వీరబాబు నన్నే చూస్తూ కూర్చున్నాడు. పక్కవాడి చేతులు కదలడం చూశాక అతనూ పుస్తకం అందుకున్నాడు. వెనకనించి సువార్త కూడా అది చూసింది.

వీరబాబు కబడ్డీలో మంచి ఆటగాడు. కొంతకాలంగా ఒంటరిగా ఉంటున్నాడు. ఇంట్లో తల్లి వాడికి తలపొగరెక్కిందనుకుంది. పిలిచినా పలకలేదని అంతకుముందు వారం గాదిరాజు గారు చెంప మీద కొట్టారు కూడా.

ఇంటర్వెల్లో సువార్త నన్ను చుట్టి చంకన పెట్టుకుని, వీరబాబును వరండా చివరికి తీసుకెళ్లింది. ముఖానికి ముఖం పెట్టి, ఎప్పటినించి వినపడటం లేదని అడిగింది. వాడు కాలవ కేసి చెయ్యి చూపించాడు. వేసవిలో కాలవలో ఈతలు కొట్టాక ఎడమచెవిలో చీము పట్టిందట. అమ్మ కొబ్బరినూనె వెచ్చచేసి పోసేదట. తగ్గిపోయిందని చెప్పి, దూది పెట్టుకుని, జుట్టు పెంచి కప్పేశాడట. ఇప్పుడు రెండోదీ మూసుకుపోతున్నట్టు ఉందట. చెవుడని తెలిస్తే టీములోంచి తీసేస్తారని చెప్పలేదట.

నవ్వడం ఎందుకు మానేశావని ఆమె అడిగింది.

"మొదట్లో అందరూ నవ్వితే నేనూ నవ్వేసేవోణ్ణండి. ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదండి. ఓసారి నన్ను చూసే నవ్వుతున్నారు. నేనూ నవ్వేశానండి. ఆళ్ల మొహాలు చూశాక తెలిసిందండి. అప్పట్నించి మానేశాను."

ఆమె చంక కింద నేను నలిగిపోయాను, అంత గట్టిగా పట్టుకుంది.

గుమ్మంలో గాదిరాజు గారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. దగ్గరికి వచ్చి, వీరబాబు ఎదుట వంగి, పెదాలు కనిపించేలా మెల్లగా అడిగారు.

"నేను కొట్టింది ఏ వైపురా?"

వీరబాబు ఎడమచెంప ముట్టుకున్నాడు. కొట్టినవాడికి గుర్తులేదు, తిన్నవాడికి ఉంది.

ఆయన స్కూటరు తీసి వీరబాబును ఎక్కించుకున్నారు. దారిలో వాళ్ల అమ్మను కూడా ఎక్కించుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. చీము లోపలి ఎముకను తినేసిందని, ఆపరేషన్ చేయాలని అక్కడ చెప్పారు. ఎడమచెవి వినికిడి ఎప్పుడో పోయింది, ఇక రాదు. కుడిచెవిలో అప్పుడే మొదలైంది కాబట్టి దాన్ని కాపాడగలిగారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే అదీ దక్కేది కాదన్నారు. మాస్టారి దెబ్బకు, వినికిడి పోవడానికి సంబంధం లేదని కూడా డాక్టరు స్పష్టంగా చెప్పాడట. ఆ సంగతి సువార్తకు చెప్పింది వీరబాబు తల్లి. గాదిరాజు గారు మాత్రం డాక్టరు చెప్పిన ఆ ఒక్క మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.

తల్లిదండ్రుల సమావేశం జరిగింది. హెడ్మాస్టరు గారు ఫోన్ల మీద గంటసేపు మాట్లాడారు. ఆయన చెప్పిందీ అబద్ధం కాదు. పిల్లలు ఫోన్లు చూస్తూనే ఉన్నారు, ఇప్పటికీ.

సువార్త రిపోర్టులో గాదిరాజు గారు, పాఠం పూర్తికాలేదు అని ఒక్క వాక్యం రాసి, ఉన్న మార్కులన్నీ వేశారు. కాలేజీలో అది ఎవరికీ అర్థం కాలేదు. కొన్నాళ్లకు స్కూలు విడిచి వెళ్లేరోజున ఆమె నన్ను ఆ తరగతికే వదిలేసింది. వీరబాబు చెవికి కట్టుతో వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. స్నేహితులు ఏదో జోకు వేసి, వాడి కుడివైపుకు తిరిగి మళ్లీ చెప్పారు. వాడు అందరికంటే ఆలస్యంగా నవ్వాడు, కానీ నవ్వాడు. నూకరత్నం దూరంగా నిలబడి చూసింది. ఆమె రాసిన చీటీ ఏదో ఈనాటికీ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నా రంగు పెచ్చులుగా లేస్తోంది, సుద్ద సరిగా పట్టదు. తలుపు వెనక మేకుకు వేలాడుతున్నాను. పొద్దున మొదటి పీరియడ్ గాదిరాజు గారిదే. హాజరు పిలిచేటప్పుడు ఆయన ఒక పేరు పిలుస్తారు, తల ఎత్తుతారు, పలికిన పిల్లవాడి ముఖం చూస్తారు. చూశాకే రెండో పేరుకు వెళ్తారు. హాజరుకే సగం పీరియడ్ పోతోందని హెడ్మాస్టరు గారు రెండుసార్లు మందలించారు. సరేనండి అంటారు గాదిరాజు గారు. మర్నాడు మళ్లీ మొదటి పేరు పిలిచి, తల ఎత్తుతారు.