ఉక్కపోతకు మోగిన గ్లాసులు

వేదవతమ్మ వంటింట్లో స్టీలు గ్లాసులు గణగణమన్నాయంటే చాలు, ఆమె భర్త పట్టాభిగారు దిల్‌సుఖ్‌నగర్ వీధిలోకి వచ్చి ఆకాశం వంక చూసేవారు.

"గాలి స్తంభించింది, ఒళ్లంతా ఉక్క. భూకంపం రాక తప్పదు!"

పాఠకులారా, నవ్వకండి. ఆయనది దివిసీమ. ఉప్పెన ఏడాది ఆకాశం రంగు చూసి తండ్రి అందరినీ మేడ ఎక్కించబట్టే ఆయన బతికి బట్టకట్టారు. ఆకాశం అబద్ధం చెప్పదని అప్పటినుంచీ ఆయన నమ్మకం. పైగా కొన్నాళ్లుగా లెక్క తప్పడం లేదు. ఉక్కపోసిన రోజు గ్లాసులు మోగేవి, వాన పడితే మోగేవి కావు.

పై వాటాలో కిరాయికున్న దానియేలు, రెబెక్కల కూతురు సాధనకు శనివారం మేడ మీద ప్రధానం. "ఆ రోజు మహా ఉక్కపోత, భూకంపం రావచ్చు, జాగ్రత్త!" అని పట్టాభిగారు మంచి మనసుతోనే నలుగురికీ చెప్పారు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా, ఆ మాట అబ్దుల్లాపూర్‌మెట్‌లోని పెళ్లికొడుకు తండ్రి అంతయ్యకు చేరింది. "జర ఆగుదాం" అని ఆయన ఫోన్ చేశాడు. రెబెక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. అసలే తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. "ఆంధ్రోళ్లు కావాలనే గీ పుకారు లేపిన్రు" అని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. ఎంత అన్యాయం చూడండి!

సాధన తిన్నగా కిందికి దిగి వచ్చింది.

"అంకుల్, మీరు మా మంచికే చెప్పిన్రు. కానీ మెయిన్ రోడ్డు మీద మెట్రో పిల్లర్లకు గుంతలు తవ్వే మిషన్ ఉన్నది కద, వాన పడితే దాన్ని ఆపుతరు. గ్లాసులు దానికే మోగుతున్నయేమో. రేపు బంద్, మిషన్ నడవది. ఎండ మాత్రం బంద్ పాటించదు. చూద్దామా?"

"చూద్దాం తల్లీ" అన్నారాయన. వాదించకుండా ఒప్పుకోవడం పెద్దరికమే.

శుక్రవారం ప్రాణం పోయేంత ఉక్క. ఆకు కదలలేదు. దూరంగా నినాదాలు తప్ప రోడ్డంతా నిశ్శబ్దం. పట్టాభిగారు స్టూలు వేసుకుని గ్లాసుల ముందు కూర్చున్నారు. సాయంత్రమైనా ఒక్కటీ ఉలకలేదు.

"మీ భూకంపం కూడా బంద్‌లో పాల్గొంటోందా ఏమిటండీ?" అంది వేదవతమ్మ కాఫీ ఇస్తూ.

ఆయన పకపకా నవ్వి, తనే ఫోన్ తీశారు. "అంతయ్యగారూ, తప్పు నాది. పిల్ల శుభకార్యం ఆపకండి. రేపు మిమ్మల్ని నేనే గుమ్మంలో ఎదుర్కొంటాను."

"అట్లనే సార్, ఒస్తాం!"

శనివారం ప్రార్థన ముగిసింది, ఉంగరాలు మారాయి. బిర్యానీ వడ్డిస్తుండగా కింద గ్లాసులు గణగణమన్నాయి! చేతుల్లో ముద్దలు ఆగాయి. అందరి చూపూ పట్టాభిగారి మీదే.

ఆయన తాపీగా ఇంకో ముక్క వేయించుకున్నారు.

"కంగారు పడకండి, మిషన్ మొదలైంది. భూకంపం ఎన్నటికీ రాదని నేననను. ఏనాడొస్తుందో మాత్రం ఇంతవరకూ ఏ శాస్త్రవేత్తా చెప్పలేకపోయాడు. అది మైళ్ల లోతున రాతిపొరల్లో పుట్టేది, మన ఎండావానలతో దానికి పనిలేదు. తుఫానుకైతే ఆకాశాన్ని చూద్దాం, భూకంపానికి ఇల్లు గట్టిగా కట్టుకుందాం. రెండు సంగతులు జంటగా కనిపించినంత మాత్రాన ఒకదానికొకటి కారణమైపోవు. నిజమో కాదో చూసుకోకుండా వదిలిన నా మాట, భూకంపం రాకుండానే రెండిళ్లను కూల్చబోయింది!"