మంట అడగని పెంక

బహదూర్‌పురాలోని ఆ గల్లీలో తెల్లారితే అందరూ గ్యాసు పొయ్యి ముట్టిస్తారు. కళావతి ఇంట్లో కోడలిని ముట్టిస్తారు.

పెద్ద తతంగమేమీ ఉండదు. కళావతి వాకిట్లో పీట వేసుకుంటుంది, కట్టుడు పళ్ళు సర్దుకుంటుంది, చాయ్ ఒక గుక్క తాగుతుంది. ఆ తర్వాత ఒక మాట అంటుంది.

"నిన్న మీ తమ్ముడు వచ్చిండు గద. చెప్పులు బయట ఇడిశిండు, మంచిగ జేసిండు. కాళ్లు గూడ ఆడనే ఇడిశిపెడితె ఇల్లు కంపు గొట్టకపోతుండె."

అంతే. కోడలు సుజన చేతిలోని పెంక అడుగు కాలుతుంది. ఆమె పళ్ళు బిగబట్టి పిడి తిప్పుతుంది. లోపల మక్కజొన్న గింజలు టపటపా పేలతాయి. కళావతి కొడుకు జగదీశ్వర్ వాటిని సంచిలోకి వంచుకుని, ఉప్పూ పసుపూ చల్లి, జూపార్కు గేటు దగ్గర నిలబెట్టే బండి మీదకు ఎక్కిస్తాడు. పక్కింటివాళ్ళు పాలు కాచుకున్నంత మామూలుగా ఈ పని జరిగిపోతుంది.

ఆ పెంక జగదీశ్వర్ తాత గుండయ్య తెచ్చింది. బొల్లారంలో ఒక దొర బంగ్లాలో ఆయన వంటవాడు. దొరలు దేశం విడిచిపోతూ కుర్చీలూ కుక్కలూ పంచిపెడితే ఆయన వంతుకు ఇది వచ్చింది. లోతైన ఇనప గిన్నె, పైన రేకు మూత, మూత మీద కట్టె పిడి. పిడి తిప్పితే లోపల తీగెలు అడుగును గీకుతూ తిరుగుతాయి. దొరసాని అందులో మక్కలు పేల్చుకునేదట, కాఫీ గింజలు వేయించుకునేదట. ఆమె కింద పొయ్యి పెట్టేదో లేదో గుండయ్య ఎవరికీ చెప్పలేదు. ఆయన పెళ్ళాం మాత్రం పెట్టలేదు. తిప్పే మనిషి లోపల మండితే చాలు, పెంక కాలుతుంది.

ఆమె తర్వాత పిడి కళావతికి వచ్చింది. కళావతికి తాగుబోతు మొగుడు ఉన్నాడు కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా శ్రమపడే పని లేకపోయింది. అతను పోయిన రోజున పెంక ఆమె చేతిలో చల్లబడింది. ఆ ఒక్క రోజుకే కాదు, మళ్ళీ వేడెక్కనే లేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు "పాపం, మొగుడంటె ఎంత పాణం" అన్నారు. కళావతి వాళ్ళకు ఎదురు చెప్పలేదు. నెల తిరక్కుండా కొడుక్కి పిల్లను వెతకడం మొదలుపెట్టింది.

సుజనను చూడబోయినప్పుడు పెంకను గుడ్డ సంచిలో పెట్టుకుని వెళ్ళింది. పాట పాడమనలేదు, నడిచి చూపించమనలేదు. పిల్ల చేతికి పెంక ఇచ్చి, గుప్పెడు మక్కలు పోసి తిప్పమంది. ఆ తర్వాత తండ్రి వైపు తిరిగింది.

"అన్నా, ఈ కుర్సీలు కిరాయికి దెచ్చిండ్రా, మీయి గిట్లనే ఉంటయా?"

మూత ఎగిరిపోయి గోడకు తగిలింది.

"పిల్ల పనికొస్తది," అంది కళావతి. కన్నతండ్రి ఆ మాటకు పొంగిపోయి అందరికీ ఇంకోసారి చాయ్ పోయించాడు.

ఆ ఇంట్లో సుజన మీద ఎవరూ చెయ్యెత్తలేదు. కొడితే భయం పుడుతుంది, భయానికి పెంక చల్లబడుతుంది. ఈ సంగతి తెలియని కొత్తలో జగదీశ్వర్ ఒక దెబ్బ వేసి, సంచి నిండా మక్కలు పాడుచేసి, తల్లి చేత చీవాట్లు తిన్నాడు. గల్లీ ఆడవాళ్ళు మాత్రం "నీ మొగుడు మీద చెయ్యెయ్యడు, అదృష్టమంతురాలివి" అని సుజనతో అనేవాళ్ళు. అలాంటి అదృష్టం ఆ గల్లీలో ఇంకెవరికీ లేదు మరి.

అసలు పని మాటలది. ఒకసారి అన్న మాట మర్నాటికి పాచిపోతుంది, పెంక దాన్ని తీసుకోదు. అందుకని కళావతి సాయంత్రం తల దువ్వుకుంటూ రేపటి మాట ఆలోచించి పెట్టుకునేది. ఆదివారాలు జూ దగ్గర జనం ఎక్కువ, అందుకని ఆదివారం సుజన పెంకతో సహా బండి దగ్గరికే వెళ్ళేది, కళావతి కూడా స్టూలు తీసుకుని పక్కన కూర్చునేది. వరసలో నిలబడ్డ వాళ్ళు అంతా వినేవాళ్ళు. విని, "మసాలా జర ఎక్కువ" అనేవాళ్ళు. తొలి ఏకాదశికి పేలాల పిండి కావాలి కనుక గల్లీ గల్లీ అంతా జొన్నలు పట్టుకుని వచ్చేది.

"జర గట్టిగ అను వదినా," అంది ఈసారి ఎదురింటి లీలమ్మ. "మా జొన్నలు సన్నగున్నయి, పేలుతలెవ్వు."

కళావతి గట్టిగానే అంది. లీలమ్మ పేలాలు ఒళ్ళో పోసుకుని, సుజన తల నిమిరి వెళ్ళింది.

ఆ ఆదివారమే బార్కస్ నుంచి అవద్ భాయ్ వచ్చాడు. అతనిది అక్కడ గావా కాఫీ హోటల్. మనవలను జూకు తెచ్చి, బండి మీద పెంకను చూసి ఆగిపోయాడు.

"మా దాదీ దగ్గర గిసొంటిదే ఉండె," అన్నాడు. "గావా గింజలు దాంట్లనే ఏంచుతుండె. మిషిన్‌ల ఏంచితె మజా లేదమ్మా. నాయి ఏంచిస్తరా? మంచిగొస్తె రోజూ మీకే ఇస్త."

రోజూ అనే మాట కళావతి చెవిలో తేనెలా దిగింది. మర్నాడు అతను తెచ్చిన పచ్చి గింజలు పోసి, దాచుకున్న మాటల్లో మంచిది తీసి కోడలి మీద వేసింది. పెంక భగ్గుమంది. గింజలు పైన బొగ్గయ్యాయి, లోపల పచ్చిగానే ఉన్నాయి.

అవద్ భాయ్ ఒక గింజ కొరికి ఉమ్మేశాడు. "మక్కలకు గుస్సా సాలుతది. కాఫీకి గమ్ గావాలమ్మా, మనసుల దుఃఖం. సన్నగ ఉండాలె, ఆరద్దు."

కళావతి ఆ సాయంత్రం దువ్వెన చాలాసేపు తలలోనే ఉంచుకుని కూర్చుంది.

సుజనకు ఒక కూతురు, అఖిల. ఏడో తరగతికి వచ్చింది. సుజన పట్టుబట్టి పరీక్ష రాయించి వికారాబాద్ దగ్గర గురుకులంలో సీటు తెప్పించింది. వచ్చే సోమవారం లోపల చేర్చాలి. ట్రంకు పెట్టె కొన్నారు, దాని మీద పిల్ల పేరు రాయించారు. ఆ ఇంట్లోంచి ఒక్కరైనా బయటపడితే చాలని సుజన అన్నేళ్ళూ పిడి తిప్పింది.

"అఖిల పోదు," అంది కళావతి, అన్నం వడ్డించుకుంటూ. గొంతు పెంచలేదు, ఎత్తిపొడవలేదు. "ఆడివిల్ల, ఇంట్లనే ఉంటది."

సుజన మొగుడి వైపు చూసింది.

"అమ్మ జెప్పింది గద," అన్నాడు జగదీశ్వర్, పప్పన్నం కలుపుతూ.

మర్నాడు సుజన పెంక పట్టుకుంటే ఎవరూ ఏమీ అనాల్సిన అవసరం రాలేదు. అడుగు ఎర్రబడలేదు, చల్లబడలేదు. గింజలు నిదానంగా రంగు తిరిగాయి. గల్లీ చివర మసీదు దాకా కాఫీ వాసన పోయింది. అవద్ భాయ్ కళ్ళు మూసుకుని వాసన పట్టి, "గిదీ" అన్నాడు.

అయితే శనివారం నాడు మక్కలు పేలలేదు. కళావతి ఎన్ని అన్నా సుజన మొహంలో ఏ కదలికా లేదు. పెంకలో ఆ సన్నటి వేడే ఉంది. మక్కలు ఎర్రగా వేగి గట్టిపడ్డాయి, పేలలేదు. రేపు ఆదివారం.

"నువ్వు కాఫీకే పనికొస్తవ్," అంది కళావతి. "అఖిలా, ఇటు రా బిడ్డా. పిడి పట్టు."

సుజన వంటింట్లో ఉంది. అత్త గొంతు విన్నది.

"సీటు నీ తెలివికి రాలే. మీ అమ్మ ఆ గురుకులం సారు ముంగట నవ్వుకుంట నిలవడ్డది, అందుకొచ్చింది."

ఒక గింజ పేలింది. ఆ తర్వాత అన్నీ పేలాయి. సుజన బయటికి వచ్చేసరికి పిల్ల పెంకను చూస్తోంది. కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి. నీళ్ళ వెనక, ఈ పని తనకు వచ్చు అన్న చిన్న గర్వం కూడా ఉంది. సుజన గుండెలో రాయి పడింది ఆ నీళ్ళకు కాదు, ఆ గర్వానికి.

ఆదివారం పొద్దున జడ వేస్తూ కూతురి చెవిలో చెప్పింది.

"నాయనమ్మ పండ్లు జూడు. ఏదన్న అనేటప్పుడు ముంగట పండ్లు టక్కుమని లేస్తయి. ఆమె మాట ఎనుకంగ ఉరుకుతది. పండ్లు బస్సెక్కినంక ఈమె ఉరికినట్టు."

అఖిల కిసుక్కుమంది.

జూ గేటు దగ్గర ఆ రోజు జనం వరస కట్టారు. పిల్లలు గోల చేస్తున్నారు. అఖిల పిడి పట్టుకుంది. కళావతి స్టూలు మీద ముందుకు వంగింది. పళ్ళు టక్కుమన్నాయి. పిల్లకు నవ్వొచ్చింది. కళావతి ఇంకా కారంగా అంది. పళ్ళు ఇంకా గట్టిగా టక్కుమన్నాయి. పిల్ల పొట్ట పట్టుకుంది. పెంక మీద చెయ్యి పెడితే కుండలా చల్లగా ఉంది.

"ఏందే లొల్లి?" అని జగదీశ్వర్ పిల్లను తిట్టాడు. పిల్ల నవ్వింది. పెళ్ళాన్ని తిట్టాడు. పిల్లను చూసి సుజన కూడా నవ్వింది. పెళ్ళయిన నాటినుంచి ఆమె పళ్ళు ఎలా ఉంటాయో అతను చూడలేదు.

"పేలాలున్నయా లేవా భాయ్?" అని వరసలోంచి ఎవరో అడిగారు.

"ఆగన్నా," అంది సుజన. ఆ తర్వాత మొగుడి వైపు, వినపడీ వినపడనట్టు, "నువ్వు తిప్పరాదు? ఓ, నీతోని గాదు గద. మీ అమ్మకెరికె. అందుకే ఎన్నడు నీ చేతికియ్యలే," అంది.

అతను పిల్లను పక్కకు నెట్టి పిడి లాక్కున్నాడు.

రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు పేలాయి మక్కలు. ముగ్గురు ఆడవాళ్ళు అరగదీసిన పిడి అతని చేతికి ఇరుకైంది, అయినా తిప్పాడు. సంచులు నిండాయి. వరస కదిలింది. కాస్సేపటికి పెంక నెమ్మదించబోయింది. ఇంకా జనం ఉన్నారు. కళావతి వరసను చూసింది, పెంకను చూసింది, కొడుకును చూసింది. ఏ పని ఎలా జరగాలో ఆమెకు ఒకరు చెప్పాలా?

"నీ అయ్య నయం," అంది కన్నకొడుకుతో. "తాగినంకనన్న మొగోని లెక్క ఉంటుండె."

జగదీశ్వర్ తల్లిని చూశాడు. చెయ్యి మాత్రం ఆగలేదు. పిడి వదిలితే వాళ్ళన్నది నిజమైపోతుంది. అప్పటినుంచి పెంక చల్లబడలేదు, ఇంటికొచ్చాక కూడా.

"పిల్లను పొమ్మను," అంది కళావతి ఆ సాయంత్రం. "ఇంగ దాంతోని ఏం పని. ఉన్నన్ని రోజులు తిండి దండుగ."

సుజన బియ్యం కడుగుతూ సరే అంది. చేతులు నీళ్ళల్లో ఉన్నాయి, మనసు ఎక్కడో ఉంది. కడుగు నీళ్ళు రెండోసారి వంచాక తెలిసింది, తాను రేపటి మాట ఏరుకుంటోందని.

సోమవారం పొద్దున అవద్ భాయ్ గింజల సంచితో వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. జగదీశ్వర్ చేతులకు గుడ్డ చుట్టుకుని తిప్పుతున్నాడు. నిన్న తల్లి అన్న మాట అతని లోపల సన్నగా, ఆరకుండా ఉంది. గింజలు చక్కగా రంగు తిరుగుతున్నాయి.

"మొన్నటికంటె మస్తుగుంది," అన్నాడు అవద్ భాయ్.

ఆటోలో ట్రంకు పెట్టె ఎక్కించారు. అఖిల గడప దాటి, తండ్రి ముందు ఆగింది. గుడ్డలోంచి బొబ్బలు కనిపిస్తున్నాయి.

"బాపు, చేతులు నొస్తున్నయా?" అని మెత్తగా అడిగింది.

అతను తలెత్తాడు. మొహం వదులైంది. పెంక వేడి తగ్గింది. అవద్ భాయ్ కంగారుగా ముందుకు వంగాడు. కళావతి పళ్ళు టక్కుమనబోయి ఆగాయి.

"అమ్మకు గిట్ల కాలే," అంది అఖిల. "ఆడోళ్ల పని గద బాపు. జర్ర జర్ర అలవాటైతది నీకు."

మూత ఎగిరి గోడకు తగిలింది. కళావతి దాన్ని తీసి, దుమ్ము దులిపి, పెంక మీద మళ్ళీ పెట్టింది.

"పిల్ల పనికొస్తది," అంది.

తల్లీకూతుళ్ళను ఎక్కించుకున్న ఆటో పురానాపూల్ దాటింది. ఆ తర్వాత అఖిల, పాఠం అప్పజెప్పినట్టు, "అమ్మా, మంచిగన్ననా?" అని అడిగింది.

సుజన పిల్ల అరచేయి తెరిచి చూసింది. పిడి తిప్పి కాసిన కాయ ఒక్కటీ లేదు. మెత్తగా, కొత్తగా ఉంది. నాలుక చూపించమని మాత్రం అడగలేదు.