చెవులయ్య కళ్ళు

ఆ ఇంట్లో పాపకి నిద్ర రావాలంటే జోల అక్కర్లేదు, ఉయ్యాల అక్కర్లేదు. చెవులయ్య ఉంటే చాలు. చెవులయ్య అంటే కుందేలు బొమ్మ. అమ్మమ్మ పాత దుప్పటి కత్తిరించి, కుట్టి, దూది కూరింది. తాతయ్య రెండు నల్ల గుండీలు తీసుకుని కళ్ళుగా కుట్టాడు. పాప ఆ బొమ్మని పొట్టకి అదుముకుని, ఒక గుండీని నోట్లో పెట్టుకుని, వచ్చీరాని పళ్ళతో కొరుకుతూ నిద్రలోకి జారుకునేది. "చూడు చూడు, చెవులయ్యకి ముద్దు పెడుతోంది!" అని ఇంటిల్లిపాదీ మురిసిపోయేవారు. అయ్యా, అమ్మా, ఆ గుమ్మంలో మీరున్నా నేనున్నా మురిసిపోయేవాళ్ళమే. అందులో భయపడాల్సింది ఒకటుందని ఎవరికీ తట్టదు.

తాతయ్య దర్జీ. వీధిలో అందరికీ మాస్టారు. చొక్కా కుట్టడంలో ఆయనకి ఎంత పేరో, గుండీ కుట్టడంలో అంత గర్వం. గుండీని గుడ్డకి అతికించినట్టు కుట్టడు. కింద కాస్త దారం వదులుగా ఉంచి, దాని చుట్టూ మళ్ళీ దారం బిగించి చుట్టి, గుండీకి చిన్న మెడలాంటిది నిలబెడతాడు. అలా కుడితేనే గుండీ కాజాలోకి సులువుగా వెళ్తుంది, గుడ్డ ముడతపడదు.

"నేను కుట్టిన గుండీ ఊడాలంటే ముందు చొక్కా చిరగాలి" అనేవాడు.

"ఆ మాట రోజుకోసారి అనకపోతే మీకు అన్నం అరగదు" అని భార్య ఆటపట్టించేది.

చెవులయ్యని చూసి చుట్టుపక్కల పిల్లలు మాకూ మాకూ అని పేచీ పెట్టారు. అమ్మమ్మ కుట్టింది, తాతయ్య కళ్ళు పెట్టాడు, అందరికీ ఊరికే పంచిపెట్టారు. ఆ బొమ్మలు ఒకనాడు పిల్లల సామాన్ల షాపావిడ కంటపడ్డాయి.

"ఎంత బాగున్నాయో మాస్టారూ! మా షాపులో పెడతాను. కాకపోతే ముందు పరీక్షకి పంపాలి. వాళ్ళు సర్టిఫికెట్ ఇస్తేనే నేను అమ్మగలను" అంది.

"బొమ్మకి పరీక్షేమిటమ్మా? అదేమన్నా బడికెళ్తోందా?"

"మీ చేతిపని నాకు తెలీదా అండీ. కానీ పసిపిల్లలు వాడేది కదా, రూలు రూలే."

మాస్టారుకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి అన్నం కూడా సరిగా తినలేదు. "పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ సూది పట్టినవాణ్ణి. నా కుట్టుని ఎవరో లాగి చూస్తారట!" అని గొణిగాడు.

"లాగనివ్వండి. ఊడదంటున్నారుగా, ఇంకెందుకు ఉలుకు?" అంది భార్య. చెవులయ్యలాగే కుట్టిన కొత్త కుందేలుని సంచిలో పెట్టుకుని ఇద్దరూ బయల్దేరారు. పాపని వాళ్ళమ్మ, అంటే మాస్టారి కూతురు, చూసుకుంటానంది.

పరీక్షకేంద్రంలో పొడుగాటి బల్ల, దానిమీద ఇనప పటకారు బిగించిన యంత్రం, పక్కన నీళ్ళ తొట్టి ఉన్నాయి. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఇద్దరికీ కుర్చీలు వేసి, కుందేలుని బల్లమీద పడుకోబెట్టింది. పటకారు ఒక కంటిని పట్టుకుని లాగింది. కన్ను కదల్లేదు. మాస్టారు భార్యవైపు చూసి మీసం దువ్వుకున్నాడు.

"అయిపోయిందా తల్లీ?"

"ఇంకా లేదు తాతగారూ. పిల్లలు ఒక్కసారి లాగి ఊరుకోరుగా."

ఆ అమ్మాయి కుందేలుని నీళ్ళలో నానబెట్టింది. పిండింది. నేలమీద పడేసింది, తీసింది, మళ్ళీ పడేసింది. కంటిని అటూ ఇటూ మెలితిప్పింది. మాస్టారు కుర్చీలోంచి సగం లేచాడు. "ఇదేం మోటుతనమమ్మా! బొమ్మని ఇలా ఎవరు చేస్తారు?"

"ఏడాది పాప చేస్తుంది" అందామె నెమ్మదిగా. పటకారుని ఈసారి గుండీ కిందున్న దారం మెడకి బిగించింది. "ఇదిగో, పంటికి సరిగ్గా ఇక్కడే పట్టు దొరుకుతుంది."

గుండీ టప్పున ఊడి బల్లమీద దొర్లింది. ఆ అమ్మాయి దాన్ని తీసి ఒక చిన్న గొట్టంలో వేసింది. అది మొత్తం లోపలికి వెళ్ళిపోయింది.

"ఈ గొట్టం పసిపిల్లల గొంతుని బట్టి చేసింది తాతగారూ. ఊడొచ్చిన ముక్క ఇందులో పూర్తిగా పట్టేసిందంటే ఆ బొమ్మని అమ్మనివ్వం."

మాస్టారుకి కోపం రావాల్సింది. రాలేదు. ఆ గొట్టంకేసి చూస్తూ ఉండిపోయాడు. చొక్కా గుండీకి మెడ ఉండాలి, నిజమే. కానీ చొక్కాని ఎవరు కొరుకుతారు? ఆయన మోచేతిని భార్య గట్టిగా పట్టుకుంది. "ఏమండీ... పాప పడుకునే వేళ."

మాస్టారు గబగబా ఇంటికి ఫోను చేశాడు. కూతురు తీసింది. "ఇప్పుడే పడుకుంది నాన్నా. చెవులయ్యని నోట్లో పెట్టుకుని..."

"లాగెయ్!"

"లేస్తే మళ్ళీ పడుకోదు నాన్నా..."

"లేవనీ! ఏడవనీ! ముందు బొమ్మ లాగెయ్ తల్లీ!"

ఫోనులో ఏదో గుడ్డల చప్పుడు. తర్వాత కూతురి గొంతు సన్నగా వినబడింది. "నాన్నా, చెవులయ్యకి ఒక్క కన్నే ఉంది."

మాస్టారు ఆ మాటే పైకి అనేశాడు. తెల్లకోటు అమ్మాయి ఫోను అందుకుని స్పీకరు పెట్టింది. "అక్కా, కంగారుపడకండి. పాప ఊపిరి బాగానే తీసుకుంటోందా? సరే, పక్కకి తిప్పండి. నోరు తెరిచి చూడండి. కనబడితేనే తియ్యండి. కనబడకపోతే వేలు పెట్టి వెతక్కండి, లోపలికి పోతుంది."

అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బుగ్గలో ఉంది! తీశాను! తీశాను నాన్నా!"

ఆ వెంటనే పాప గుక్కపట్టి ఏడ్చింది. బంగారంలాంటి నిద్ర పాడుచేశారని దాని కోపం. ఆ ఏడుపు వింటూ ముసలివాళ్ళిద్దరూ ఏడ్చారు. "ఏడవమ్మా, ఏడువు. ఎంతసేపు ఏడుస్తావో ఏడువు" అని అమ్మమ్మ ఫోనుని చెంపకి ఆనించుకుంది.

తెల్లకోటు అమ్మాయి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "నా చేతులారా ఎంత పని చేశానమ్మా! ప్రతి కన్నూ లాగి చూసేవాణ్ణి" అన్నాడు మాస్టారు.

"మీ కుట్టు మంచిదే తాతగారూ, చొక్కాకి. మీరు బొమ్మ పాడవకుండా లాగి చూశారు. పిల్లలకి ఆ దయ ఉండదు కదా" అందామె.

మర్నాడు మాస్టారు కొట్టు తెరవలేదు. సూది, నల్లదారం, చిన్న కత్తెర జేబులో వేసుకుని, బొమ్మ ఇచ్చిన ప్రతి ఇంటికీ వెళ్ళాడు. గుమ్మంలోనే కూర్చుని గుండీ కళ్ళు కోసేసి, దారంతో కళ్ళు కుట్టి ఇచ్చాడు. తప్పు ఒప్పుకోవడానికి గడప గడపా తొక్కడం ఎంత కష్టమో చెప్పాలా?

"మావాడికి ఏమీ కాలేదుగా మాస్టారూ. మీ చేతిమీద మాకు నమ్మకం" అంది ఒకావిడ, బొమ్మ ఇవ్వడానికి మొహమాటపడుతూ.

"నాకూ ఉండేదమ్మా ఆ నమ్మకం. నిన్న ఆ గుండీ ఊడి మా మనవరాలి బుగ్గలో దొరికింది" అన్నాడాయన. ఆవిడ గబుక్కున బొమ్మ తెచ్చి చేతిలో పెట్టింది. "షాపులో కొనేటప్పుడు కూడా రంగు చూసి, ధర చూసి తెచ్చెయ్యకండి. దీన్ని పరీక్ష చేయించారా అని అడగండి. అడిగితే మన పరువేం పోదు."

దారం కళ్ళ కుందేళ్ళు ఆ తర్వాత పరీక్షలో నెగ్గాయి, షాపు అద్దాల వెనక కూర్చున్నాయి. కానీ అసలు పరీక్ష ఇంట్లో జరిగింది. కొత్త కళ్ళతో వచ్చిన చెవులయ్యని పాప తడిమి చూసింది. గుండీ దొరకలేదు. ఇదేం పని అన్నట్టు తాతయ్యని చురచురా చూసింది. చివరికి అలిగినట్టే ఒక పొడుగు చెవిని నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

మాస్టారు నిశ్చింతగా చూస్తున్నాడు. ఆ చెవిని ఆయన ముందే నీళ్ళలో తడిపి, పిండి, తన పళ్ళతో కొరికి లాగి చూశాడు.

"ఈ వయసులో కుందేలు చెవి కొరకాలని రాసిపెట్టి ఉంది మీకు" అని నవ్వింది భార్య.

ఆయన నవ్వలేదు. పాప తల నిమురుతూ అన్నాడు. "ప్రేమగా కుడితే చాలనుకున్నానే. చాలదు. పసివాళ్ళ చేతికి ఇచ్చేది ఏదైనా సరే, వాళ్ళ పంటికి తట్టుకుంటుందని పరీక్షలో తేలాకే ఇవ్వాలి."