మండలం పట్టిన ఎర్రకారు

నేను ఒక ఎర్రకారును. ఫ్యాక్టరీలో నాకు వరస మీద వరస రంగు కొట్టి, వేడిగదిలో ఆరబెట్టి, లారీ ఎక్కించారు. అలా వచ్చి రెంటచింతలలో పడ్డాను. నన్ను కొన్న వీరనారాయణ గారు కరెంటాఫీసులో లైన్ ఇన్స్పెక్టరు. మా ఊళ్ళో ఎండకు రోళ్ళు పగులుతాయి. పక్కింటివాళ్ళ కారు రెండేళ్ళకే వెలిసిపోవడం చూసి ఆయనకు బెంగ పట్టుకుంది.

అప్పటి నుంచి ఏటా దసరాకు వాహనపూజ కాగానే గుంటూరులో నాకు పూత వేయిస్తారు. దానివల్ల ఎండ రంగును తినదట. "ఏడు రోజులు నీళ్ళు తగలనీయమాకండి సార్," అన్నాడు పూత వేసే మస్తాన్. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఎందుకైనా మంచిదని ఆయన ఆ ఏడును నలభై ఒకటి చేశారు. నాకు మండలం దీక్ష! ఒంటినిండా గుడ్డ కప్పుకుని షెడ్డులో కూర్చోవాలి.

కార్తీక పౌర్ణమి సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది. ఆ రోజు సూర్యలంకలో సముద్రస్నానం చేయాలని ఆయన భార్య మాణిక్యమ్మ గారి కోరిక. ఆవిడ చెప్పగా చెప్పగా అది నా కోరిక కూడా అయింది.

"ఈసారన్నా పోదామండీ."

"పూత ఇంకా పచ్చిగానే ఉంది మాణిక్యం. ఉప్పుగాలి తగిలితే ఇంకేమన్నా ఉందా? వచ్చే ఏడు చూద్దాంలే."

నాలుగు కార్తీకాలు ఇలాగే పోయాయి. మిగతా రోజుల్లోనూ పొద్దెక్కితే నన్ను షెడ్డు దాటనివ్వరు. ఆవిడ మాత్రం మిట్టమధ్యాహ్నం కొంగు నెత్తిన వేసుకుని కూరగాయలకు నడిచేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తరవాత సిగ్గేసేది.

ఐదో ఏడు ఆవిడ అడగలేదు. పౌర్ణమి ముందురోజు సంచి పట్టుకుని షెడ్డులోకి వచ్చి, గుడ్డ ఎత్తి నా తలుపు మీద చెయ్యి వేసింది. "నిన్నూ తీసకపోదామనుకున్నానే," అని బస్టాండుకు నడిచింది. ఇంజను ఉండి కూడా ఆవిడ వెంట వెళ్ళలేకపోయాను. ఆ రెండు రోజులూ ఎంత కుమిలిపోయానో!

ఆవిడ తిరిగొచ్చేసరికి ముఖం కమిలిపోయి ఉంది, జుట్టు ఉప్పుతో అట్టకట్టింది. అయినా అంత సంతోషంగా ఆవిడను నేనెప్పుడూ చూడలేదు. వస్తూనే గుడ్డ తీసి, సంచిలోని ఇసుక అంటిన చేతులతోనే నా బానెట్ నిమిరింది. సన్నగా గీత పడింది.

వీరనారాయణ గారు పరుగున వచ్చి తుడవబోయారు. ఆవిడ ముఖం చూసి ఆగిపోయారు.

"ఎట్టా ఉంది సముద్రం?"

"చెబితే తెలిసేది కాదండీ," అని ఆవిడ లోపలికి వెళ్ళింది.

ఆయన తుడవకుండానే గుడ్డ కప్పారు. గీత పక్కన ఒక ఇసుకరేణువు మిగిలిపోయింది. అది ఎక్కడ రాలిపోతుందోనని కదలకుండా ఉన్నాను.