ఉట్టి మీది కుండ

1968 నవంబరు పదకొండు, సోమవారం. ఉదయం ఏడుంబావు. రాత్రి కురిసిన వాన వెలిసింది. సముద్రం మీది నుంచి తడిగాలి వీస్తున్నది. ఒడ్డున ఉన్న పల్లెలో కూర్మమ్మ నీళ్లకుండను కోడలికి అందకుండా ఉట్టి మీదికెత్తింది.

కోడలు గున్నమ్మ ప్రసవించి మూడు రోజులైంది. పుట్టింట తల్లి లేనందున పురుడు అత్తింటనే పోశారు. రక్తం విస్తారంగా పోయింది. బాలింత నీళ్లు తాగితే ఒళ్లు వాస్తుందని ఆ పల్లెలో నమ్మకం. అందువల్ల మిరియాల కారంతో గుప్పెడు అన్నమే ఆమెకు ఆహారం.

"అత్తా, నాలిక పిడసకట్టుకుపోతంది. ఒక్క గుక్క."

"నాను నలుగుర్ని కన్నాను. నీళ్లడిగానేటి? ఓర్సుకో."

గుమ్మంలో వల బాగుచేసుకుంటున్న భర్త ఎల్లాజీ తల ఎత్తలేదు.

మరునాటికి గున్నమ్మకు మూత్రం ఆగింది. ఆపైన మాట ముద్దకట్టి, మగత కమ్మింది. అప్పుడు గాని ఎల్లాజీ, తల్లిని వెంటబెట్టుకుని, ఆమెను బండిలో ఆమదాలవలస చేర్చి, రైలెక్కించి పట్నం ఆసుపత్రికి తీసుకుపోలేదు.

"రక్తం పోయింది, నీళ్లూ అందలేదు. అందుకే మూత్రపిండాలు పని మానేశాయి," అన్నది డాక్టరు పద్మకుమారి. "అవి కోలుకోగలవు. అంతవరకు ఒంట్లో బలం నిలపాలి."

ముక్కు గుండా సన్నని గొట్టాన్ని కడుపులోకి దించి, పంచదార, నెయ్యి కలిపిన పలచని గంజిని ఆమె కొలిచి పోయించసాగింది. నీరు బయటికి పోయే దారి మూసుకున్నది గనుక, ఎక్కువైనా ముప్పే.

"నోట్లో మాత్రం ఏమీ పెట్టకండి. మగతలో మింగలేదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

వారం తిరిగేసరికి మూత్రం మళ్లీ మొదలైంది. గున్నమ్మ కళ్లు తెరిచి, బిడ్డ ఏదని చేత్తో అడిగింది. అంతలోనే మళ్లీ మగతలోకి జారింది.

ఆ రోజే కూర్మమ్మతో కలిసి చేపలమ్మే జగ్గమ్మ చూడవచ్చింది.

"ఏటే కూర్మీ, నీ కోడలు గాలానికి పడ్డ సేపలాగున్నాది. కూడెట్టలేక ముక్కులో గొట్టమెట్టించినావా?"

గొట్టంలో పోతున్నదీ కూడేనని, కోడలిని నిలబెట్టినది అదేనని కూర్మమ్మకు తోచలేదు. మరునాడు, జగ్గమ్మ ఎదుటనే, చేపల పులుసన్నం గిన్నె విప్పి, గొట్టం లాగేసింది.

"డాట్రమ్మ వద్దన్నాది గదే అమ్మా," అన్నాడు ఎల్లాజీ.

"నా సేత్తో నాలుగు ముద్దలెట్టకపోతే ఊరు నన్నేటంటాది? దాని తల పట్టుకో."

పట్టుకున్నాడు. మొదటి ముద్ద బుగ్గలో నిలిచింది. రెండవ ముద్దకు దగ్గు వచ్చింది. కూర్మమ్మ ఆ పెదవులను అరచేత్తో మూసి, "మింగు" అన్నది. గున్నమ్మ ముఖం నీలమైంది.

రెండు రోజులు రొప్పి రొప్పి ప్రాణం విడిచింది. మూత్రపిండాలు మాత్రం అప్పటికి సగానికి పైగా కోలుకున్నాయి.

"పోతే పోనాది. నా సేతి ముద్ద తినే పోనాది," అని కూర్మమ్మ వరండాలో జగ్గమ్మతో చెప్పుకుంటున్నది.

పద్మకుమారి ఆమె ఎదుట ఆగింది. "దాహమన్ననాడు గుక్కెడు నీళ్లివ్వలేదు. మింగలేనినాడు అన్నం కుక్కారు. రోగికి ఏది, ఎంత, ఏ దారిన పెట్టాలో రోగి శరీరమే నిర్ణయిస్తుంది. పెట్టేవారి పరువుకు అందులో చోటు లేదు."

ఎల్లాజీ తల వంచుకుని విన్నాడు.

బిడ్డ బతికింది. 1987లో ఆ కూతురి తొలి కాన్పు ఆ ఇంట్లోనే జరిగింది. అప్పటికి కూర్మమ్మ లేదు. నీళ్లకుండను ఉట్టి మీదికెత్తినవాడు ఎల్లాజీ.