అందరి పిల్లలకూ ఒకే అనుమతి

మా ఆఫీసులో కోడ్ సరిచూసే పెద్దాయనను మేమంతా అత్తగారంటాం. ఎవరి పనికైనా ఒక వంక పెట్టనిదే ఆయనకు ముద్ద దిగదు. ఆ సాయంత్రం నా వెనక నిలబడి, పిల్లల సంరక్షణ కేంద్రంలో అప్పటికే వాడుతున్న, వచ్చినవాళ్ళకు అనుమతి ఉందో లేదో చూసి గేటు తీసే నా ప్రోగ్రామ్ చూశారు.

"అనుమతి చూసే ఈ మెథడ్‌ని స్టాటిక్ ఎందుకు చేశావమ్మా?"

"పనవుతోంది కదండీ" అన్నాను విసుగ్గా.

"ఒక్క పాపతో పరీక్షిస్తే అవుతుంది. ఎవరితో పంపాలన్నది ఏ పాపకి ఆ పాప వివరాల్లోనే చూడాలి. అందుకు ఒక్కో పాపకీ విడిగా పనిచేసే ఇన్‌స్టాన్స్ మెథడ్ ఉండాలి. స్టాటిక్ అందరికీ ఒక్కటే, దానికి ఏ పాపో తెలీదు. నువ్వు అనుమతి అందరికీ కలిపి ఒక్కచోట పెట్టేశావు. ఒకళ్ళు మారిస్తే అందరికీ మారిపోతుంది."

మా అక్క కూతురు ఉండేది ఆ కేంద్రంలోనే. ఒకసారి బావ చెప్పాపెట్టకుండా పాపను ఊరు దాటించేశాడు. తల్లి తప్ప ఎవరూ తీసుకెళ్ళకూడదని కోర్టు చెప్పాక, 'తండ్రి రావచ్చు' అన్న అనుమతిని నేనే దగ్గరుండి తీసేయించాను. ఈ పొద్దున ఇంకెవరో తల్లి తన కొడుకు కోసం దాన్ని మళ్ళీ పెట్టుకున్నట్టు తెరమీద కనిపిస్తోంది. అంటే మా పాపకూ పెట్టినట్టే.

కేంద్రానికి ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్ళీ చేసినా అంతే. అత్తగారు నా కుర్చీలో కూర్చుని సరిచేయడం మొదలుపెట్టారు. నేను బ్యాగైనా తీసుకోకుండా వీధిలోకి పరుగెత్తాను. నా తెలివి తెల్లారినట్టే ఉందని దారంతా తిట్టుకున్నాను.

వెళ్ళేసరికి గేటు తెరిచి ఉంది. బావ పాపను ఎత్తుకుని బయటికి వస్తున్నాడు. అడ్డంగా నిలబడ్డాను.

"నేనేం గోడ దూకలేదు మరదలా. గేటే తెరుచుకుంది" అన్నాడు.

"ఆ గేటుకి ప్రోగ్రామ్ రాసింది నేనే బావా. అది తప్పు చెప్పింది. పాపని దింపు."

బావ పాపను కిందికి దింపాడు. పాప వచ్చి నా కాళ్ళను చుట్టేసుకుంది. హమ్మయ్య అనుకున్నాను.

"మరి మిగతా పిల్లలు ఎవరితో వెళ్ళారు?" అని అడిగాడు బావ. అందులో వెటకారం లేదు.

లోపల పిల్లల బ్యాగులు పెట్టే అరలు దాదాపు ఖాళీగా ఉన్నాయి. అప్పటిదాకా నేను ఒక్క పాప గురించే భయపడ్డాను.