ప్లేటు మీద పాచి

భర్త హనుమంతు గుమ్మం దాటక ముందే శకుంతలమ్మకు వాసన తెలిసిపోయేది. పుండు మళ్లీ కారుతోందన్నమాట.

ఆయన సినిమాల్లో ఫైటరు. మేడల మీంచి దూకడం, అద్దాలు పగలగొట్టుకుంటూ పడటం, అదే బతుకుదెరువు. అట్లా దూకి ఒకసారి కాలి ఎముక విరిగితే లోపల స్టీలు ప్లేటు వేశారు. ఎముకైతే అతుక్కుంది గానీ, దాని మీద పడ్డ పుండు ఏళ్లు గడిచినా మానితే ఒట్టు. జ్వరం వచ్చేది, మాత్రలు మింగితే తగ్గేది, పుండు ఆరేది, నెల తిరక్కుండా మళ్లీ మొదలు. ఫైట్ మాస్టరు చూస్తే పనికి పిలవడని, మేకప్‌మ్యాన్ దూది కుక్కి, పైన ఒంటిరంగు పూసి కప్పేసేవాడు. కట్లు విప్పీ కట్టీ, వంటపనికని బోరబండ గుట్ట మీది ఇంటికి ఎక్కీ దిగీ శకుంతలమ్మ ఒళ్లు పులిసిపోయింది. ఒళ్లేమిటి, మనసూ అంతే.

చివరికి ఆమె వంట చేసే జూబ్లీహిల్స్ ఇంటివాళ్లే ఇద్దరినీ డాక్టరు మైత్రేయి దగ్గరికి పంపారు.

"ఇన్ని గోళీలు మింగినా ఎందుకు పోతలేదమ్మా?" అని అడిగింది శకుంతలమ్మ.

"పొద్దున్నే పళ్ల మీద పాచి ఉంటుంది కదండీ, పుక్కిలిస్తే పోతుందా?" అంది డాక్టరు.

"ఏడ పోతది. తోమాలె."

"ప్లేటు మీదా అంతే. క్రిములు దానికి అంటుకుని, జిగురు కప్పుకుని కాపురం పెట్టాయి. ఆ జిగురులో ఉన్నంతసేపు మందుకు లొంగవు. అప్పుడప్పుడు కొన్ని విడిపోయి బయటికొస్తాయి, అప్పుడే ఆయనకు జ్వరం. మాత్రలు వాటినే చంపుతాయి. మీరు తగ్గిందనుకుంటారు. లోపలివి లోపలే ఉంటాయి."

"అంటే కిరాయికొచ్చినోళ్లు ఖాళీ చేస్తలేరన్నట్టు," అన్నాడు హనుమంతు.

డాక్టరు నవ్వలేదు. "ఆ ఇల్లే తీసేయాలండీ. ప్లేటు తీసి, ఎముక గీకి శుభ్రం చేస్తే అప్పుడు మందు పనిచేస్తుంది. ఆలస్యం చేస్తే కాలే పోవచ్చు. ఇక దూకడాలు మాత్రం కుదరవు."

హనుమంతు బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాడు. "దూకొద్దంటే ఇంకేం పని జేస్తనే?"

"నీ కాళ్ల మీద నువ్వు నడువు. గంతే చాలు నాకు," అంది శకుంతలమ్మ.

అంతలో ఆయన సెల్లు మోగింది. ఫిల్మ్‌నగర్ నుంచి మాస్టరు అసిస్టెంటు మౌళి, పుండు సంగతి తెలిసినవాడే. రేపు సాఫ్ట్‌వేర్ ఆఫీసు సెట్లో అద్దం పగలగొట్టుకుని దూకాలట. "కాలిదేముందన్నా, మేకప్ వేసి కానిచ్చేద్దాం," అంటున్నాడు.

శకుంతలమ్మ మొగుడి వైపు చూడలేదు. చూస్తే బతిమాలినట్టు అవుతుంది, అది ఎన్నో ఏళ్లుగా చేసి చేసి విసిగిపోయింది.

"ఇగ రాను తమ్మీ," అన్నాడు హనుమంతు. "రేపనే కాదు."

ఫోను జేబులో పెట్టుకుని చెయ్యి చాచాడు. ఆమె లేపింది. ఆయన బరువంతా భుజాన మోసుకుంటూ మళ్లీ డాక్టరు గదివైపే నడిచింది.